మధ్యలో అక్షరాలు కూడా చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని వచ్చారు, నేరుగా విషయానికే వస్తాను: క్రిప్టో డబ్బును మోసాల నుంచి ఎలా కాపాడుకోవాలి.

పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లో ఉండే నెల్లూరు అబ్బాయి టెన్షన్‌గా తలుపు కొట్టాడు. "అన్నా, నా క్రిప్టో వాలెట్ అడ్రస్ గ్రూపులో పెట్టేశాను. డబ్బంతా పోతుందా?"

పోదు. అడ్రస్ అంటే బ్యాంకు అకౌంట్ నంబర్ లాంటిది. అది తెలిసినవాళ్లు అందులో డబ్బు వేయగలరు గానీ తీయలేరు. కాకపోతే ఆ అడ్రస్‌లో ఎంత ఉందో, ఎటు వెళ్లిందో బ్లాక్‌చెయిన్‌లో, అంటే అందరికీ కనిపించే లెక్కల పుస్తకంలో, ఎవరైనా చూడొచ్చు. అది మీదేనని తెలిసిందంటే మీ పాస్‌బుక్ ఊరందరి చేతిలో పెట్టినట్టే. అందుకే గ్రూపుల్లో పెట్టొద్దంటాను.

అసలు దాచాల్సింది సీడ్ ఫ్రేజ్, అంటే వాలెట్‌కు తాళంచెవి లాంటి 12 లేదా 24 మాటలు. అవి ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్లదే. అడ్రస్ గురించి అంత భయపడిన ఆ అబ్బాయి, సీడ్ ఫ్రేజ్‌ని మాత్రం స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ గ్యాలరీలో ఉంచుకున్నాడు! అది క్లౌడ్‌లోకీ వెళ్లిపోయి ఉంటుంది కదా. డిలీట్ చేస్తే చాలదు. ఆ రాత్రే కొత్త వాలెట్ తెరిపించి, మాటలు కాగితం మీద రాయించి, డబ్బు అందులోకి మార్పించాను.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని మోసం ఒకటుంది. ఇథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ అడ్రస్‌లో 0ఎక్స్ తర్వాత 40 అక్షరాలుంటాయి. మనం మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి సరేననుకుంటాం. దొంగలు కంప్యూటర్‌తో కోట్లకొద్దీ అడ్రస్‌లు పుట్టించి, మీరు తరచూ పంపే అడ్రస్‌కు మొదలూ చివరా కలిసేదాన్ని ఏరుకుంటారు. దాని నుంచి మీకు పైసల్లో ఉండే చిన్న మొత్తం పంపుతారు. అది మీ హిస్టరీలో చేరుతుంది. ఈసారి మీరు హిస్టరీ నుంచి కాపీ చేస్తే అంతే సంగతులు. 2024 మేలో ఒకరు ఇలాగే 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (ఇథీరియంలో వాడుకునే బిట్‌కాయిన్ రూపం), దాదాపు 6.8 కోట్ల డాలర్లు, దొంగకు పంపేశారు. ముందు కొంచెం పంపి సరిచూసుకున్న మనిషే! దొంగ తర్వాత చాలావరకు తిరిగిచ్చాడు. మనకూ అలాగే ఇస్తాడని అనుకోకండి.

తప్పు టైప్ చేస్తే వాలెట్ చాలాసార్లు పట్టేస్తుంది, అడ్రస్‌లోనే చెక్‌సమ్, అంటే తప్పును పట్టించే గుర్తు, ఉంటుంది కాబట్టి. కానీ దొంగ అడ్రస్‌లో తప్పేమీ లేదు, అదీ సరైన అడ్రసే. దాన్ని మీ కళ్లే పట్టుకోవాలి. తరచూ పంపేవాళ్ల అడ్రస్‌ని ఒకసారి అక్షరం అక్షరం సరిచూసి, వాలెట్‌లోని అడ్రస్ బుక్‌లో పేరుతో దాచుకోండి. ఎప్పుడూ అక్కడినుంచే పంపండి.

గ్యాలరీలో సీడ్ ఫ్రేజ్ ఉన్నవాళ్లు టీ సమయంలో నా దగ్గరకు రండి. ఫోన్ మాత్రం నాకు కూడా చూపించొద్దు. ఎలా మార్చుకోవాలో చెబుతాను, మీరే చేసుకోండి.