రిటైరైనవాళ్లు ఇంగ్లీషు చెబితే టీచర్లకు ఎసరా? చెన్నై స్టూడియోలో చర్చ

(చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: ఒక బడి టీచర్, వలంటీర్ల తరఫున ఒక రిటైర్డ్ అధికారి, ఇంగ్లీషు బోధనలో శిక్షణ ఇచ్చే ఒక శిక్షకురాలు. ఒకరి మాట మీద ఒకరు పడిన చోట వినబడినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పే రిటైర్డ్ వలంటీర్లను నగరంలో ఒక కార్పొరేషన్ బడి గేటు దగ్గరే ఆపేసింది. పోలీస్ వెరిఫికేషన్ లేదట. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాం. టీచర్ మేడమ్, ఇది మీ ఉద్యోగాలకు ఎసరేనా?

టీచర్: ఎసరని కాదండీ. విద్యాహక్కు చట్టం, 2009లో 23వ సెక్షన్ చూడండి. బోధనకు అర్హత ఉండాలి, టీచర్ల అర్హత పరీక్ష టెట్ పాసవ్వాలి. వీళ్లు తరగతిలోకి వచ్చి...

రిటైర్డ్ అధికారి: తరగతిలోకి ఎవరొచ్చారమ్మా? బడి వదిలాక వరండాలో కూర్చోబెడతాం. తమిళనాడు ప్రభుత్వమే 2021లో 'ఇల్లం తేడి కల్వి', అంటే ఇంటి ముంగిటికే చదువు, అనే పథకం పెట్టి, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు వలంటీర్లతో చెప్పించలేదా? నెలకు వెయ్యి రూపాయలు కూడా ఇచ్చింది. మేం ఆ వెయ్యీ అడగట్లేదు!

టీచర్: దానికి ఎంపిక ఉంది, శిక్షణ ఉంది. మీవాళ్లు మొదటి వారమే పన్నెండు టెన్సుల పట్టిక బోర్డు మీద రాస్తారు. నాలుగో తరగతి పిల్లకి పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ ఎందుకండీ?

రిటైర్డ్ అధికారి: అది ఎవరో ఒకరిద్దరు...

శిక్షకురాలు: ఒకరిద్దరు కాదు సార్. తాము చదువుకున్న తీరులోనే చెబుతారు. "సీ, ఏ, టీ, క్యాట్" అని అక్షరాల పేర్లు వల్లె వేయిస్తారు. పేర్లు కలిపితే మాట రాదు, శబ్దాలు కలిపితే వస్తుంది. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్, ఈ ఆరింటి శబ్దాలు పట్టుబడితే పిన్, టిన్, ట్యాప్, ప్యాన్ పిల్లలే కూడబలుక్కుంటారు. ఇంకో చిక్కుంది. మన హల్లులో 'అ' కలిసి ఉంటుంది. "ప-ఇ-న" అంటే పిన్ రాదు. పొల్లు పెట్టినట్టు "ప్-ఇ-న్" అనిపించాలి. తమిళంలో పుళ్ళి, అంటే హల్లు మీద పెట్టే చుక్క, తెలిసిన పిల్లలే కదా, వెంటనే అందుకుంటారు.

యాంకర్: చూశారా, బయటివాళ్లకే ఇంత తెలిస్తే టీచర్లకు ఎసరు కాదా?

శిక్షకురాలు: నా మాట అది కాదండీ. ఇక్కడి తెలుగు పిల్లలు ఇంట్లో పండు, బండి వేరువేరుగానే పలుకుతారు. బడిలో నేర్చిన తమిళ లిపిలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. క, గ కూడా అంతే. ఇంగ్లీషు రాసేటప్పుడు 'బిగ్' కాస్తా 'పిక్' అవుతుంది. అప్పుడు చెవిని తప్పుపట్టకూడదు. పిన్-బిన్, కోట్-గోట్ అని జతలు వినిపించి...

రిటైర్డ్ అధికారి: నేననేదీ అదే! అందుకే తెలుగు వచ్చిన మేం కావాలి. 2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చాక మన పిల్లలకు తెలుగు అక్షరమే...

టీచర్: ఇప్పుడు ఆ చట్టం ఎందుకండీ?

యాంకర్: లేదు లేదు, ఆసక్తిగా ఉంది, చెప్పండి సార్.

రిటైర్డ్ అధికారి: ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా వచ్చింది. మైనారిటీ భాషల బడులు కోర్టుల చుట్టూ తిరిగాయి...

(ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నారు)

టీచర్: ...ఇంగ్లీషు సంగతి చూద్దామండీ! ఒకే చాప మీద మూడో తరగతి, ఏడో తరగతి కూర్చుంటే ఎవరికి చెబుతారు?

రిటైర్డ్ అధికారి: రాసుకోండి. మొదటిరోజు పాఠం ఉండదు. ఒక్కొక్కరితో రెండు నిమిషాలు అక్షరాలు, చిన్న మాటలు, ఒక వాక్యం చదివిస్తాం. ఎక్కడ ఆగితే ఆ గుంపు. తరగతితో పనిలేదు. ఒకరికి ఆరుగురే. నలభై అయిదు నిమిషాల్లో పది శబ్దాలకు, పదిహేను చదవడానికి, పదిహేను మాట్లాడించడానికి, అయిదు డిక్టేషన్‌కు. పిల్లాడు "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అంటే మధ్యలో ఆపం. రాసుకుని, చివర్లో రెండు తప్పులే దిద్దుతాం. అడుగడుగునా ఆపితే వాడు నోరే విప్పడు!

శిక్షకురాలు: ఈ పద్ధతి బాగుంది. వలంటీర్లంతా పాటిస్తున్నారా అన్నదే...

రిటైర్డ్ అధికారి: పాటిస్తారు!

టీచర్: పిల్లల భద్రత మాటేమిటి? పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. వయసు పెద్దదైతే వెరిఫికేషన్ అక్కర్లేదా? గదిలో ఒక్క పెద్దమనిషి, ఒక్క పిల్ల...

రిటైర్డ్ అధికారి: వరండా అన్నానమ్మా, గది అన్నానా? నలుగురు తిరిగే చోటు!

శిక్షకురాలు: వరండా అయినా ఇద్దరు వలంటీర్లు ఉండాలి, హాజరు పుస్తకం బడి దగ్గరే ఉండాలి. మీ దగ్గర...

యాంకర్: ఒక్క నిమిషం. అసలు ప్రశ్న అలాగే ఉంది. ఎసరా, కాదా?

టీచర్: మూడోసారి అడిగారు. నేను జవాబు...

రిటైర్డ్ అధికారి: నేను చెబుతా. పాఠ్యపుస్తకం మీరు పూర్తి చేయండి, నోరు విప్పించడం మాకు వదిలేయండి!

టీచర్: పరీక్షలో వచ్చేది పాఠ్యపుస్తకమండీ! మీరు ఒకలా పలికించి, నేను ఇంకోలా పలికిస్తే పిల్ల ఎవరి మాట...

యాంకర్: సమయం లేదు మేడమ్. సార్ మాటలో పాయింటుంది. మీ వాదన మరోసారి వింటాం. విరామం తర్వాత వాన నీటి కాలువలపై చర్చ.