ఆవిడ ముందే మాట్లాడండి

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చారు. సూటిగా విషయంలోకే వస్తాను: రొమ్ము క్యాన్సర్ మెదడుకు పాకితే ఏం చేయాలో, ఆ సంగతి రోగితోనే ఎందుకు మాట్లాడాలో చెప్తాను.

మా వదినకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో అయి రెండేళ్లయింది. ఒకరోజు పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెడుతుంటే చుక్కలు వరుస తప్పాయి. చీకట్లో కూడా తిన్నగా పెట్టే చెయ్యి ఆవిడది. అప్పటికే నెలరోజులుగా లేవగానే తలనొప్పి, వాంతి. పైత్యం అనుకుని జీలకర్ర నీళ్లు ఇచ్చాం. మీరు అలా చేయకండి. ఈ జబ్బు ఒకసారి వచ్చినవాళ్లకు కొత్తగా తలనొప్పి పట్టుకుని వదలకపోయినా, మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా, వెంటనే క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. ఫిట్స్ వస్తే అత్యవసరంగా ఆసుపత్రికే. ఎమ్మారై స్కాన్‌లో తెలుస్తుంది.

వదినకు వచ్చింది మెదడులో పుట్టిన కొత్త క్యాన్సర్ కాదు, రొమ్ము క్యాన్సరే అక్కడికి పాకింది. అందుకే పాత బయాప్సీ రిపోర్టు, అంటే రొమ్ము గడ్డ ముక్క తీసి చేసిన పరీక్ష కాగితం, పారేయకండి. క్యాన్సర్ ఏ రకమో అందులో ఉంటుంది. హెర్‌టూ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే హెర్‌టూ పాజిటివ్, ఆ హెర్‌టూ గానీ రెండు హార్మోన్ల గ్రాహకాలు గానీ లేని ట్రిపుల్ నెగెటివ్ రకాలు మెదడుకు ఎక్కువగా పాకుతాయి. రక్తంలో తిరిగే మందులన్నీ మెదడులోకి సరిగా చేరవు. హెర్‌టూ రకానికి మాత్రం టుకాటినిబ్ లాంటి, అక్కడా పనిచేసే మందులు వచ్చాయి. ఖరీదెక్కువ.

పెద్ద గడ్డ ఒకటే ఉండి, తీయడానికి వీలైతే ఆపరేషన్. చిన్నవి కొన్నే ఉంటే వాటికే గురిపెట్టి రేడియేషన్. చాలా ఉంటే మెదడంతటికీ, మామూలుగా 10 సిట్టింగులు. దానితో జ్ఞాపకశక్తి తగ్గొచ్చు. మెదడు వాపుకు ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్రతో మనిషి రెండు మూడు రోజుల్లో తేరుకోవచ్చు. నయమైపోయిందని ఆ మాత్ర మీ అంతట మీరు ఆపేయకూడదు. షుగర్ కూడా పెరుగుతుంది, చూసుకోవాలి.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఒక ఆసుపత్రిలో డాక్టరు మా అన్నయ్యను వరండాలోకి పిలిచి ఒడియాలో అంతా చెప్పేశారు. వదిన లోపల చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. నేను వెళ్లగానే, "తల నాది గదా, నాకు చెప్పరేం?" అంది. బజారు పనికి ఒడియా చాలు ఆవిడకు. తన తలలో ఏమవుతోందో తెలుసుకోవడానికి తెలుగే కావాలి. తర్వాత నేను పక్కన కూర్చుని మాట మాటా తెలుగులో చెప్పాను. ఆవిడ రెండే అడిగింది: "పది రోజులు విశాఖలో ఉంటే ఎంత మేలు? పిల్లల్ని గుర్తుపడతానా?"

రేడియేషన్‌కు ఒప్పుకుంది. మళ్లీ ముదిరితే ఇంట్లోనే ఉంటానని, నొప్పికి మార్ఫిన్ ఇప్పించమని అప్పుడే చెప్పింది. కొన్ని నెలలకు మాట పోయింది. అప్పుడు మేం తగువు పడలేదు, ఏం కావాలో ఆవిడే చెప్పి ఉంచింది కాబట్టి. ఈ జబ్బు మాటనే తీసుకుపోగలదమ్మా, మాట ఉన్నప్పుడే అడగాలి.

విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికైనా, కటక్‌కైనా బయల్దేరే ముందు మీ ఆరోగ్య పథకం కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఫైళ్లు తెచ్చినవాళ్లు ఆ వేపచెట్టు కింద కూర్చోండి, చూస్తాను. జబ్బు మనిషిని బయట ఆటోలో కూర్చోబెట్టి వచ్చినవాళ్లుంటే, ముందు ఆవిడను లోపలికి తీసుకురండి.