కాలేజీ సీటు, నెల జీతం, సాయంత్రం పని: బెజవాడ, గుంటూరు పిల్లల కోసం ఒక లెక్క

[తెర మీద: ఆఫర్ లెటర్. 3,36,000 అన్న అంకె పెద్దగా కనిపించాలి]

నమస్తే అండి. పెద్ద ఐటీ కంపెనీలు క్యాంపస్‌లో ఎక్కువమంది ఫ్రెషర్లకి ఇచ్చే ప్యాకేజీ పదేళ్లకు పైగా మూడు, నాలుగు లక్షల మధ్యే తిరుగుతోంది. తెర మీద ఉన్నది 3 లక్షల 36 వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకి 28 వేలు. ఇంట్లో అమ్మానాన్నలు చుట్టాలకి చెప్పుకునేది ఈ 28 వేలే. అకౌంట్లో పడేది మాత్రం వేరు.

బేసిక్ 15 వేలు అనుకుందాం. కంపెనీ మీ పేరున కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. అది ఆ ప్యాకేజీలోదే. గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, దాని కింద సుమారు 720, అదీ ప్యాకేజీలోదే. మీ వాటా పీఎఫ్ ఇంకో 1,800. ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. ఇవన్నీ పోగా చేతికొచ్చేది 23,480. పీఎఫ్ మీ డబ్బే, ఎక్కడికీ పోదు. కానీ ఈ నెల హాస్టల్ అద్దెకి అది అక్కరకు రాదు.

[తెర మీద 23,480 మాత్రమే మిగలాలి]

ఈ అంకె ఒక కాగితం మీద రాసుకోండి. చదువు గిట్టుబాటవుతుందా లేదా అనేది దీనితోనే కొలుద్దాం.

ఇప్పుడు సీటు ఖరీదు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఈఏపీసెట్ ర్యాంకుతో కన్వీనర్ సీటు వచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హత ఉన్న ఇంట్లో ప్రధానంగా పడే ఖర్చు బస్సు, మెస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు. పక్క కుర్రాడు అదే క్లాసులో, అదే బెంచీ మీద, మేనేజ్‌మెంట్ సీటులో అప్పు తెచ్చుకుని కూర్చుంటాడు. ఇద్దరికీ చివర్లో వచ్చే పట్టా ఒక్కటే. ఇద్దరికీ వచ్చే 23,480 కూడా ఒక్కటే.

ఆ రెండో కుర్రాడి అప్పు దగ్గర కాసేపు ఆగుదాం. చాలామంది ఇళ్లలో ఈ లెక్క ఎవరూ వేసి చూపించరు, బ్యాంకులో సంతకాలు మాత్రం పెట్టేస్తారు.

ఏడున్నర లక్షల విద్యా రుణం అనుకోండి. ఆస్తి తాకట్టు లేకుండా, ప్రభుత్వం బ్యాంకుకి హామీ ఉండే క్రెడిట్ గ్యారంటీ కింద దొరికే పరిమితి అది. వడ్డీ 11 శాతం అనుకుందాం. నాలుగేళ్లు నాలుగు సమాన భాగాలుగా, ఏడాదికి 1,87,500 చొప్పున కాలేజీకి వెళ్తుంది. చదివినన్నాళ్లూ, ఆపైన ఇంకో ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు: కట్టక్కర్లేదు అంటే వడ్డీ నడవదని కాదు. ఈ ఐదేళ్లలో సాధారణ వడ్డీయే సుమారు 2 లక్షల 89 వేలు అవుతుంది. కిస్తీ మొదలయ్యే నాటికి అప్పు 10 లక్షల 39 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 14,300. చేతికొచ్చేది ఎంత? 23,480. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్‌కీ తిండికీ మిగిలేది 9 వేల చిల్లర. పదేళ్లలో మొత్తం కట్టేది 17 లక్షలు దాటుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. సాధారణ కాలేజీలో, అదీ మొదటి ఉద్యోగం ఈ 3.36 లక్షల దగ్గరే ఆగే చోట, మేనేజ్‌మెంట్ సీటు కోసం ఏడున్నర లక్షల అప్పు చెయ్యొద్దు. అదే పట్టా కన్వీనర్ సీటులో వస్తుంటే కళ్లు మూసుకుని చేరండి. పదో తరగతి అయిన పిల్లలకైతే పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసే దారి ఉంది. తరవాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకే వెళ్లొచ్చు. చేతిలో డిప్లొమా ఉంటుంది, ఇంటి మీద భారం తక్కువ. ఈ దారిని మన ఊళ్లలో చిన్నచూపు చూడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పటికే అప్పు తీసుకుని చేరినవాళ్లు భయపడకండి. పార్ట్‌టైమ్ పని ఉపయోగపడేది ఇక్కడే.

[తెర మీద: మొదటి ఏడాది వడ్డీ, నెలకి 1,720]

మొదటి ఏడాది మీ పేరున ఉన్న అప్పు 1,87,500. దాని మీద నెల వడ్డీ సుమారు 1,720 రూపాయలు. రెండో ఏడాది 3,440. మూడో ఏడాది 5,160 దగ్గర, నాలుగో ఏడాదీ, చదువయ్యాక కిస్తీ లేని ఆ ఏడాదీ 6,875. నడిచే వడ్డీని నడుస్తుండగానే కట్టుకుంటూ పోతే అప్పు ఏడున్నర లక్షల దగ్గరే ఉంటుంది, తరవాత కిస్తీ 14,300 బదులు 10,330 అవుతుంది. చదువు కాలంలో వడ్డీ కడితే కొన్ని బ్యాంకులు రేటు 1 శాతం తగ్గిస్తాయి కూడా. బ్రాంచికి వెళ్లి అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్తారని కూర్చోకండి. ఐదేళ్లూ కట్టలేకపోయినా మొదటి రెండేళ్లు కట్టగలిగితే ఎంతో మేలు.

మరి ఆ 1,720 ఎక్కడినుంచి వస్తుంది? ఇక్కడ పిల్లలు చేసే పనులు మనకు తెలిసినవే. పెళ్లిళ్ల సీజన్లో ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్. దసరాకీ సంక్రాంతికీ బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో సేల్స్. ఇంటికెళ్లి చెప్పే ట్యూషన్లు. బండి ఉన్నవాళ్లకి ఫుడ్ డెలివరీ. ఏది మంచిదో తేల్చడానికి ఫోన్లో కనిపించే మొత్తం చూడొద్దు, గంటకి ఎంత మిగులుతోందో చూడండి.

డెలివరీ తీసుకుందాం. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా, ఐదు గంటలు. యాప్‌లో 500 చూపించింది అనుకోండి. బెంజ్ సర్కిల్ నుంచి పటమట, పటమట నుంచి కానూరు, ఖాళీగా వెనక్కి, మొత్తం 65 కిలోమీటర్లు తిరిగారు. లీటరుకి 45 ఇచ్చే బండికి లీటరున్నర దాకా తాగుతుంది. మన రాష్ట్రంలో పెట్రోలు 110కి దగ్గరగా ఉంది కాబట్టి 160 అక్కడే పోయింది. సర్వీసింగు, టైర్లు, డేటా కలిపి రోజుకి 55 పక్కన పెట్టండి. మిగిలింది 285. గంటకి 57 రూపాయలు. దానికి తోడు, మీ సొంత బండి ఇన్సూరెన్సు డెలివరీలో ఉండగా జరిగే ప్రమాదానికి వర్తిస్తుందో లేదో పాలసీ ఇచ్చినవాళ్లని ముందే అడగాలి.

ఇద్దరు స్కూలు పిల్లలకి కలిపి రోజూ ఒక గంట ట్యూషన్, ఒక్కొక్కరికి నెలకి 1,500 అనుకుంటే, నెలలో 25 రోజులకి గంటకి 120. పెట్రోలు లేదు, రాత్రి పదకొండుకి హైవే మీద ఉండక్కర్లేదు. ఆడపిల్లల ఇళ్లలో కూడా దీనికి పెద్దగా అడ్డు చెప్పరు. మొదటి ఏడాది వడ్డీ పోగా ఇంకా మిగులుతుంది.

ఒక్కటి మాత్రం చాలా జాగ్రత్త. జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీల్లో హాజరు 75 శాతం ఉండాలి. అనారోగ్య కారణాలు చూపిస్తే 65 దాకా మన్నిస్తారు. అంతకంటే తగ్గితే డిటెయిన్, అంటే పై తరగతికి పంపకుండా ఆపేస్తారు. ఒక ఏడాది పోతే పోయేది ఒక ఏడాది జీతం: 23,480 పన్నెండు నెలలు, అంటే దాదాపు 2 లక్షల 82 వేలు. గంటకి 57 చొప్పున అది తిరిగి రావాలంటే ఐదు వేల గంటల దాకా బండి తోలాలి. క్లాసు మానేసి చేసే పని ఏదీ గిట్టదు.

[తెర మీద: ఆటోనగర్, లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు]

డబ్బు లెక్క పక్కన పెట్టి ఇంకో మాట. మెకానికల్ చదివే పిల్లలు నాలుగేళ్లూ బెజవాడలో ఉండి ఆటోనగర్‌లోకి ఒక్కసారీ అడుగు పెట్టకుండా పట్టా పుచ్చుకుంటున్నారు. లారీ గేర్‌బాక్సు విప్పి నేల మీద పరిచి, ఏ పన్ను అరిగిందో వేలితో తడిమి చెప్పే మిస్త్రీలు అక్కడ ఉన్నారు. సెలవుల్లో రెండు నెలలు అక్కడ చేస్తే పుస్తకంలో గేర్ రేషియో చాప్టరు వేరేలా అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో 'నువ్వు చేసిన పని చెప్పు' అన్నప్పుడు చెప్పడానికి ఒక సంగతి ఉంటుంది.

గుంటూరులో బీకాం చదివేవాళ్లకి మిర్చి యార్డు ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా సీజన్. కమీషన్ కొట్టులో కూర్చుంటే ఒక్క రోజులో ఎన్ని లెక్కలో చూడండి. రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎన్ని, తూకం ఎంత, రేటు ఎంత పలికింది, అందులో కమీషన్, హమాలీ పోగా రైతు చేతికి రాసివ్వాల్సింది ఎంత. ఆ లెక్క చీటీలో, అంటే తక్‌పట్టీలో, ఒక్క అంకె తప్పితే రైతు అక్కడే నిలబడి అడుగుతాడు. క్లాసులో జర్నల్ ఎంట్రీ తప్పు రాస్తే మార్కు పోతుంది, ఇక్కడ ఒక మనిషి ఏడాది కష్టం పోతుంది. అకౌంట్స్ అంటే ఏమిటో అంతకంటే బాగా ఎవరూ నేర్పలేరు.

2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఎంతో మంచి అవకాశం. దాన్ని డబ్బులిచ్చి సర్టిఫికెట్ కొనుక్కుని గడిపేస్తే నష్టపోయేది పిల్లలే. దయచేసి ఆ పని చెయ్యకండి. కాలేజీ అలా చెయ్యమన్నా ఒప్పుకోకండి.

పెద్దవాళ్లకి కూడా ఒక విన్నపం. 'మావాడు షాపులో పని చెయ్యడమేంటి, నామోషీ' అంటారు. అదే పిల్లాడు అమెరికా వెళ్లి యూనివర్సిటీ కేఫెటేరియాలో ప్లేట్లు తీస్తే సంతోషంగా చెప్పుకుంటారు. అక్కడ కూడా చదువు నడిచేటప్పుడు ఎఫ్-1 వీసా మీద క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే. అక్కడ గౌరవమైన పని బెజవాడలోనూ గౌరవమైనదే. పిల్లల్ని చెయ్యనివ్వండమ్మా.

ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డిపాజిట్ కట్టమనే వాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆన్‌లైన్‌లో మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

అసలు చదువే దండగా అని అడిగేవాళ్లు ఒక అంకె చూపిస్తారు. కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వేలో 2022-23లో మొత్తం నిరుద్యోగం 3.2 శాతం, డిగ్రీ చదివినవాళ్లలో 13.4 శాతం. అంకె నిజమే. కానీ చదువు లేని మనిషికి ఖాళీగా కూర్చునే వీలు ఎక్కడిది? ఏ కూలి దొరికితే ఆ కూలికి వెళ్తాడు. డిగ్రీ ఉన్న పిల్లలు సరైన పని కోసం ఆగుతారు. కాబట్టి ఆ అంకె చూసి చదువు మానొద్దు. ఏ కాలేజీలో, ఎంత ఖర్చుతో అన్నదే చూడాలి.

[తెర మీద: కాలేజీ వెబ్‌సైట్, ఎన్‌ఐఆర్‌ఎఫ్ పేజీ]

అది తెలుసుకోవడానికి హైవే మీద ఫ్లెక్సీలు నమ్మకండి. ఒక్క విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేసుకోవచ్చు, హైయెస్ట్ ప్యాకేజీ ఒక్కరికే వచ్చి ఉండొచ్చు. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకి ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే కాలేజీలు ఏటా ఒక పత్రం ఇస్తాయి, వెబ్‌సైట్లో కూడా పెడతాయి. చేరినవాళ్లు ఎంతమంది, ఉద్యోగం వచ్చినవాళ్లు ఎంతమంది, వాళ్ల మీడియన్ జీతం ఎంత అన్నది అందులో ఉంటుంది. మీడియన్ అంటే వరసలో సరిగ్గా నడుమ ఉన్న విద్యార్థి జీతం. మీ పిల్లల జీతం దానికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీల వరస, పెట్టే ముందు మీరనుకున్న ప్రతి కాలేజీ పత్రం తెరిచి, ఆ అంకెని పన్నెండుతో భాగించి, పీఎఫ్‌లు తీసేసి, పక్కనే కిస్తీ రాసుకోండి. గడువు ముగిసేలోగా ఆప్షన్ల వరస మార్చుకోవచ్చు.