జిల్లా జడ్జి ఫోన్ చేస్తే కింది కోర్టు తీర్పు మారుతుందా?

నమస్కారం. "కేసు కింది కోర్టులోనే కదా ఉంది, జిల్లా జడ్జి గారితో ఒక మాట చెప్పిస్తే సరిపోతుంది" అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు చికాకు కలుగుతుంది. చిన్న జడ్జి పెద్ద జడ్జికి గుమాస్తా అన్న ఈ అపోహ పోవాలంటే జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగ జీవితం ఎలా సాగుతుందో చూడాలి.

నెల్లూరు వాళ్లకు ధాన్యం కాటా సంగతి చెప్పనక్కరలేదు. బస్తా తూచే కాటా అయినా, లారీని తూచే వేబ్రిడ్జి అయినా చేసేది తూకమే. ఎంత బరువు ఆపగలవన్నదే తేడా. కావలిలోనో కనిగిరిలోనో కూర్చునే జూనియర్ సివిల్ జడ్జి కొంత విలువ వరకే దావాలు విచారిస్తారు. అదే జడ్జి క్రిమినల్ కేసుల్లో మొదటి తరగతి మేజిస్ట్రేటుగా కూర్చున్నప్పుడు విధించగల జైలుశిక్ష 3 ఏళ్లు మించదు; 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం) ప్రకారం జరిమానా 50,000 రూపాయలు దాటదు. జిల్లా స్థాయిలో పెద్ద నేరాలు విచారించే సెషన్స్ జడ్జి చట్టంలో ఉన్న ఏ శిక్షయినా వేయవచ్చు గానీ, మరణశిక్ష వేస్తే హైకోర్టు ధ్రువీకరించనిదే అమలు కాదు. అంటే వేబ్రిడ్జి చీటీకి కూడా ఒక్కోసారి పైనుంచి ముద్ర పడాలి.

కొట్టులో ఇంకా పది బస్తాలున్నాయని ఎంత మొత్తుకున్నా, పైకి ఎక్కించనిదే కాటా ముల్లు కదలదు. సాక్ష్యమూ అంతే. సాక్షి బోనెక్కి చెప్పింది టైపవుతుంది, ప్రామిసరీ నోటు ఎక్జిబిట్ ఏ-1గా నమోదవుతుంది, ప్రతివాది ప్లీడరు క్రాస్ చేస్తున్నప్పుడు సాక్షి నోటు మీది సంతకాన్ని చూసి నీళ్లు నమిలితే, ఆ తీరును కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 12వ రూలు కింద జడ్జి రాసిపెట్టవచ్చు. అప్పీలు కోర్టుకు చేరేవి ఈ కాగితాలే. ఆ తడబాటును కళ్లారా చూసింది మాత్రం కింది జడ్జి. అందుకే ఈ ఉద్యోగంలో అసలైన కష్టమంతా మొదటి మెట్టు మీదే ఉందని నా అభిప్రాయం.

మరి కాటాను తనిఖీ చేసేదెవరు? రైతు కాదు, మిల్లరు కాదు, కలెక్టరు అసలే కాదు. రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం ఈ జడ్జీల పోస్టింగు, పదోన్నతి, సెలవు హైకోర్టు అదుపులో ఉంటాయి. జిల్లా జడ్జి కింది కోర్టులను తనిఖీ చేస్తారు, ఎన్ని కేసులు తేల్చారో యూనిట్ల లెక్కన చూస్తారు. కానీ ముల్లు మీద వేలు పెట్టే అధికారం ఆయనకు లేదు. తీర్పు తప్పనిపిస్తే అప్పీలు వేసుకోవాల్సిందే.

సమయం మించిపోతోంది కనుక మిగతాది త్వరగా చెబుతాను. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగానికి న్యాయవాదిగా 3 ఏళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, శిక్షణ, ఆపైన బదిలీలు. తరువాత సీనియర్ సివిల్ జడ్జి, ఆపై జిల్లా జడ్జి. జిల్లా జడ్జి పోస్టుల్లో పావువంతు నేరుగా భర్తీ చేస్తారు. న్యాయవాదిగా, జడ్జిగా కలిపి 7 ఏళ్ల అనుభవం ఉన్నవారు వాటికి పోటీపడవచ్చని 2025 అక్టోబరు 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

జడ్జి మీదే నమ్మకం లేదంటారా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద దావా బదిలీ కోరుతూ జిల్లా కోర్టులో పిటిషను వేసుకోవచ్చు. కారణాలు అందులో రాయాలి, అవతలి పక్షానికి నోటీసు వెళ్లాలి.