వానలొచ్చేలోపు ఒక మాట

వేదిక మీదున్న పెద్దలకు, పంచాయతీ సభ్యులకు, కాఫీ తోటల్లో పని మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. సెలవుల్లో బడి తెరిపించి ఈ హాలు ఇచ్చిన హెడ్మాస్టరు గారికి మన తేనెటీగల పెంపకందారుల సంఘం తరఫున కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పాల్సినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. నాకిచ్చింది పావుగంటే, మన్నించాలి.

మే 20 ప్రపంచ తేనెటీగల దినోత్సవం. స్లొవేనియా దేశం అడిగితే 2017లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకుంది. 1734లో అక్కడ పుట్టిన ఆంటన్ యాన్షా గారిని తలుచుకుంటూ ఈ తేదీ పెట్టారు. ఆయన తేనె వ్యాపారి కాదండీ. మరియా థెరిసా మహారాణి వియన్నాలో నియమించిన తేనెటీగల పెంపకం పంతులు. పంతులు పేరున జరిగే పండుగ కాబట్టి నేను తేనె ధర గురించి కాదు, చదువు గురించి మాట్లాడతాను.

మన పాడేరు చుట్టుపక్కల ఏ ఊరెళ్లినా తేనెటీగల పెట్టెలు కనిపిస్తాయి. వాటిలో ఈగలున్నవి ఎన్ని? మీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఒక ఊళ్లో ఒక చెల్లెలుంది. ఆమెకు ఒకచోట శిక్షణ ఇచ్చారు. ఎవరిచ్చారన్నది వదిలేద్దాం. రెండు మూడు రోజులు కుర్చీల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపించారు. సర్టిఫికెట్ ఇచ్చి, ఫోటో తీసి, పెట్టెలు ఆటోలో ఎక్కించి పంపారు. నూనెగింజల పంట వలిసెలు పూసినన్నాళ్లూ ఈగలు కళకళలాడాయి. కాఫీ పూత కూడా బాగానే గడిచింది. ఆషాఢంలో ముసురు పట్టింది. వానలో ఈగ బయటికి పోలేదు, పోయినా పువ్వు లేదు. మూత తీస్తే ఈగలు బెదిరిపోతాయని ఎవరో చెప్పారట, ఆమె తియ్యలేదు. ఒకరోజు ఎండ కాసింది, చూస్తే పెట్టె ఖాళీ.

నేను వెళ్లి ఫ్రేములు, అంటే ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాలు, పైకెత్తి చూశాను. తేనె చుక్క లేదు, పుప్పొడి లేదు. అడుగున మైనపు పురుగు బూజులా గూడు అల్లేసింది. ఆ పిల్ల నా పక్కనే నిలబడి, "అన్నా, నా మీద అలిగి వెళ్లిపోయాయా?" అని అడిగింది. అలక కాదమ్మా, ఆకలి. మనం పెట్టెల్లో పెంచే పుట్టతేనె ఈగ గుణమే అంత. తిండి కరువైతే గుంపు గుంపంతా లేచిపోతుంది. సమానంగా పంచదార, నీళ్లు కలిపిన పానకం సాయంత్రం పూట పెట్టెలో పెట్టి ఉంటే అవి నిలిచేవి. ఈగలు మునిగిపోకుండా గిన్నెలో నాలుగు గడ్డిపరకలు వెయ్యాలి. చుక్క కూడా బయట ఒలకకూడదు, ఒలికితే చీమలొస్తాయి, పక్క పెట్టె ఈగలు దోపిడీకి దిగుతాయి. ఇంతే విషయం. ఇది చెప్పడానికి ఆ వానల్లో ఆమె గుమ్మం తొక్కినవాళ్లు లేరు. నాకు కోపం అక్కడే వస్తుంది. పెట్టె ఇచ్చిన చెయ్యి ఆషాఢంలో కూడా రావాలి కదా!

అందుకే మన సంఘం నెలకో ఆదివారం ఒక ఊళ్లో పెట్టె దగ్గరే కలవాలంటున్నాను. ఈగలు వచ్చిపోయే గుమ్మానికి అడ్డం రాకుండా పక్కన నిలబడటం, పొగ రెండు ఊపులు ఇచ్చి ఆగటం, ఫ్రేమును నిటారుగా ఎత్తటం చేత్తో చేస్తేనే వస్తాయి. గుడ్లు పెట్టే రాణి ఈగ కనిపించలేదని చాలామంది టెన్షన్ పడతారు. వీపు మీద ఎండ పడేట్టు నిలబడి పట్టులోని గదుల అడుగుకు చూడండి. తెల్లటి గుడ్డు మొదటి రోజు నిలువుగా ఉంటుంది, మూడో రోజుకు పక్కకు ఒరుగుతుంది, తర్వాత పిల్లపురుగు అవుతుంది. నిలువు గుడ్డు కనిపించిందంటే రాణి నిన్నో ఇవాళో అక్కడ తిరిగిందన్నమాట. ఆ గుడ్డును మొదటిసారి చూసిన పిల్లల ముఖాలు మీరు చూడాలి.

ఇంకో మాట. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో పుట్టతేనె ఈగల్ని దాదాపు తుడిచిపెట్టేసింది. దానికి మందు లేదు. పిల్లపురుగు నీరు పట్టిన సంచిలా ఉబ్బి చచ్చిపోతుంది. అది చూడగానే గుర్తుపట్టి, ఆ ఫ్రేములు ఇంకో పెట్టెలోకి మార్చకుండా ఆపే మనిషి ఊరికొకరైనా ఉండాలి. ఆ మనిషి తయారయ్యేది పెట్టె పక్కనే.

తేనె గురించి ఒక్క ముక్క. గదులకు మైనం మూత పడకముందే పిండకండి. నీటి శాతం 20 దాటిన తేనె సీసాలో పొంగుతుంది, మొత్తం సంఘం పేరు పోతుంది. సంతలో మన తేనె కొన్నవాళ్లు మళ్లీ మన దగ్గరికే రావాలి.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది ఒకటే. వానలకు ఇంక ఎన్నో రోజులు లేవు. పెంపకంలో చెయ్యి తిరిగినవాళ్లు ఒక్కొక్కరు ఇద్దరు కొత్తవాళ్ల బాధ్యత తీసుకోండి. ముసురులో వారానికోసారి వెళ్లి మూత తీయించి చూపించండి. చీమలు ఎక్కకుండా పెట్టె స్టాండు కాళ్ల కింద పెట్టే నీళ్ల గిన్నెలు ఎండిపోయాయేమో చూడండి. పంచదార కొనలేనివాళ్లకు సంఘం డబ్బులోంచి ఇద్దామని తీర్మానం పెడుతున్నాను, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.

కిటికీ దగ్గర బల్ల మీద పుస్తకం పెట్టాం. పేరు, ఊరు, పెట్టెలెన్ని, ఈగలున్నవెన్ని రాయండి. ఖాళీవి కూడా దాచకుండా రాయండి. ఈగలున్న ఊళ్లకు వానలకు ముందే వస్తాం. ఖాళీ పెట్టెలున్నవాళ్ల దగ్గరికి గుంపులు విడిపోయే కాలంలో ఈగల్ని పట్టుకుని వస్తాం.