చివరి వీధి కుళాయి దాకా

సర్పంచ్ గారికి, రైతులకు, సంఘాల అక్కలకు, బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు నమస్కారం.

రబీకి ఏం వేయాలో మనం ఎలా తేల్చుకుంటాం? పక్క చేలో వరి నాటితే మనమూ వరే. బోరు ఎన్నాళ్ళు పోస్తుందంటే మాత్రం దేవుడి మీద భారం.

2003 ప్రాంతంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో కొన్ని వందల ఊళ్ళు ఆ భారాన్ని దేవుడి మీద నుంచి దించాయి. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అని ఒక నోరు తిరగని పేరున్న ప్రాజెక్టు అది, భూమిలోని నీటిని రైతులే కొలిచి చూసుకునేది. పని మాత్రం తేలిక. వాన కొలిచే గేజి ఒకటి. కొన్ని బోర్లలో పదిహేను రోజులకోసారి తీగ దించి, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూసేవాళ్ళు. డ్రమ్ము పెట్టి, అది ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకునేవాళ్ళు. మగవాళ్ళతోపాటు ఆడవాళ్ళూ కొలిచారు. అంకెలన్నీ ఊరి గోడకెక్కేవి. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలోకి ఎంత నీరు దిగింది, వేద్దామనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క వేసేవాళ్ళు. వరి వద్దని ఎవరూ ఆర్డరు వేయలేదు, జరిమానా కట్టమనలేదు. అయినా చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. అన్ని ఊళ్ళూ మారాయని చెప్పను. ప్రాజెక్టు ముగిశాక కొన్నిచోట్ల కొలతలూ ఆగిపోయాయి.

తాగే నీళ్ళకూ ఆ పద్ధతే కావాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి 5గురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలి. ఒక ఊళ్ళో నేను చూసిన నీటి పరీక్ష కిట్టు సీలు కూడా తీయకుండా బీరువాలో ఉంది. తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు! ట్యాంకు దగ్గర చూస్తే సరిపోదు, చివరి వీధి కుళాయి దగ్గర చూడాలి. క్రిములను చంపే క్లోరిన్ అక్కడ కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. మందు చుక్కలు వేశాక రంగు మారలేదంటే క్లోరిన్ అక్కడిదాకా రాలేదన్నమాట. ఫ్లోరైడు సంగతి వేరు, అది క్లోరిన్‌తో పోదు, మరిగించినా పోదు.

వంట చేసే అమ్మలూ, అన్నం పప్పు ఉడుకుతాయి కాబట్టి క్రిముల టెన్షన్ లేదు. నూరిన పచ్చడిలో, మజ్జిగలో కలిపే నీళ్ళే పొయ్యి ముఖం చూడవు.

ఇక మరుగుదొడ్డి. రెండు గుంతలు కట్టేది ఒకటి నిండాక మూసి, రెండోది వాడటానికి. మూసింది ఏడాదికి పైగా అలా ఉంటే ఎరువవుతుంది. గుంతలకు దారి మళ్ళించే చిన్న తొట్టిలో మేస్త్రీ రెండు దారులూ తెరిచి వదిలేస్తే రెండూ కలిసే నిండుతాయి. అప్పుడు ట్యాంకరును పిలుస్తాం, అది తీసుకెళ్ళి ఏ వాగులో పోస్తుందో అడగం. ఇంటికెళ్ళాక ఆ చిన్న తొట్టి మూత తీసి చూడండి, ఒక దారి మూసి ఉందో లేదో.

భోజనాలకు ఇంకా గంట ఉంది. కిట్టు నా సంచిలో ఉంది. చివరి వీధి ఎటో ఎవరైనా చూపిస్తే నడుచుకుంటూ వెళ్ళొద్దాం. సర్పంచ్ గారూ, ఈలోపు పంచాయతీ గోడ మీద కాస్త చోటు తుడిపించి పెట్టండి.