తేల్చి చెప్పని రిపోర్టు

అందరికీ నమస్కారం.

మెడలో గడ్డ ఉందని తెలిసిన రోజు కన్నా, సూది పరీక్ష రిపోర్టు వచ్చిన రోజే కొందరికి ఎక్కువ టెన్షన్. అందులో క్యాన్సర్ అనీ ఉండదు, కాదనీ ఉండదు. ఆ రిపోర్టు పట్టుకుని కూర్చున్న వాళ్ల కోసమే ఈరోజు మాట్లాడుతున్నాను.

థైరాయిడ్ గడ్డలు చాలామందిలో ఉంటాయి, ఎక్కువ భాగం హాని లేనివే. అనుమానం ఉంటే సన్నటి సూదితో కొన్ని కణాలు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. బెథెస్డా పద్ధతి ప్రకారం ఆరు తరగతుల్లో ఒకటి రాస్తారు. రెండోదైతే ఊపిరి పీల్చుకోవచ్చు. ఆరోదైతే చికిత్స సంగతి చూడాలి. చిక్కంతా ఎటూ తేల్చని మూడు, నాలుగు తరగతులతోనే. ఈ పద్ధతికి 2023లో చేసిన సవరణలోని లెక్కల ప్రకారం నాలుగో తరగతి గడ్డల్లో క్యాన్సర్‌గా తేలేవి సగటున నూటికి 30. మిగతా వాళ్లలోనూ చాలామందికి, కేవలం ఏమిటో తెలుసుకోవడానికే సగం గ్రంథి తీసేస్తున్నారు. మెడ మీద కోత, గొంతు నరానికి దెబ్బ తగిలే ప్రమాదం, కొందరికి జీవితాంతం మాత్ర. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇందులో కణాలను చూసి రిపోర్టు రాసే పాథాలజిస్టుల తప్పు లేదు. నాలుగో తరగతిలోకి వచ్చే ఫాలిక్యులర్ అనే రకం గడ్డ క్యాన్సర్ అవునో కాదో, అది తన చుట్టూ ఉన్న పొరను గానీ రక్తనాళాన్ని గానీ చొచ్చుకుపోయిందా అన్న దాన్ని బట్టి తేలుతుంది. సూదికి వచ్చేవి విడి కణాలు. పొర అందులో రాదు.

జన్యు పరీక్షలు మేలు చేశాయి. కానీ రాస్ జన్యువులో మార్పు క్యాన్సర్‌లోనూ ఉంటుంది, అడినోమా అనే హాని లేని గడ్డలోనూ ఉంటుంది. కణంలో పని చేసేవి ప్రోటీన్లు. జన్యువు చెప్పిన మాట ఎంతవరకు అమలైందో వాటి మోతాదులను చూస్తే తెలుస్తుంది. అలాగని ఒక్క ప్రోటీన్‌ను నమ్ముకోలేం. గాలెక్టిన్-3 అనే ప్రోటీన్ పాపిల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్‌లో పెరుగుతుంది, కానీ క్యాన్సర్ కాని హషిమోటో అనే థైరాయిడ్ వాపు జబ్బు ఉన్న గ్రంథిలోనూ ఒక్కోసారి కనిపిస్తుంది.

అందుకే వేల ప్రోటీన్లను ఒకేసారి కొలుస్తున్నారు. వాటిని ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఆ ముక్కల బరువు చూస్తారు. ఏ ముక్క ఏ ప్రోటీన్‌దో, ఎంత ఉందో కంప్యూటర్ లెక్కగడుతుంది. సూదికి వచ్చే ఆ కాస్త నమూనా దీనికి సరిపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఏళ్ల క్రితం ఆపరేషన్‌లో తీసి ఫార్మలిన్‌లో భద్రపరిచిన ముక్కలూ పనికొస్తాయి. ఆ గడ్డలు చివరికి ఏమని తేలాయో తెలుసు కాబట్టి, ఏ ప్రోటీన్లు ఎంత ఉంటే క్యాన్సరో కంప్యూటర్‌కు నేర్పేది వాటితోనే. 2022లో చైనా, సింగపూర్ పరిశోధకులు ఈ దారిలోనే 19 ప్రోటీన్లను ఎంచి, వేరే ఆసుపత్రుల నమూనాల మీద కూడా పరీక్షించారు.

ఇబ్బందులు లేకపోలేదు. సూదితో పాటు రక్తం వస్తే, అందులోని ప్రోటీన్లు గడ్డ ప్రోటీన్లను కప్పేస్తాయి. ఇంకోటి, మొత్తం మీద ఎంత శాతం సరిగ్గా చెప్పిందన్న అంకె చూసి నేను తృప్తి పడను. స్పష్టంగా ఉన్న గడ్డలను మైక్రోస్కోపే చెబుతుంది. మూడు, నాలుగు తరగతుల్లో ఈ పరీక్ష "క్యాన్సర్ లేదు" అన్నవాళ్లలో ఎంతమందికి నిజంగా లేదు? నేను వెతికే అంకె అదే. అక్కడ పొరపాటు జరిగితే ఒక మనిషి క్యాన్సర్‌తో ఇంటికి వెళ్లిపోతారు.

ఇలాంటి పరీక్ష అందరికీ అందేలోపు మీకో మీ వాళ్లకో మూడో తరగతి అని వస్తే, వెంటనే ఆపరేషన్ తేదీ అడగకండి. సూది పరీక్ష మళ్లీ చేయవచ్చా, కొన్నాళ్లు స్కాన్‌తో గమనించవచ్చా అని డాక్టర్‌ను అడగండి.